శాశ్వత శబ్దదోషం

ఫిబ్రవరి 4

పరువు పోయింది. ఏ మూలనో పోయి ఉంటే సర్దుకునేదాన్ని. మైకులో పోయింది.

పొద్దున్న రద్దీ వేళ. బస్టాండు కిక్కిరిసి ఉంది. ఎప్పటిలాగే "ప్రయాణికులకు సూచన" అని మొదలుపెట్టాను. ఇరవై ఆరేళ్ళుగా ఆ గాజు గదిలో కూర్చుని చెబుతున్న మాట, నిద్రలో లేపినా చెప్పగలను. కానీ పైవరుస పళ్ళు కట్టించుకున్న దగ్గర్నుంచీ 'స' పలికితే పక్కనుంచి గాలి పోతోంది. "ఛూచన" అని వచ్చింది. నేను! ఛూచన! సరిదిద్దుకుందామని ఇంకోసారి గట్టిగా అన్నాను. ఆ ఊపుకి పలువరుస మొత్తం ఊడి మైకు మీద పడింది. టక్ అని ఆ చప్పుడు అన్ని ప్లాట్‌ఫారాల మీదా వినిపించింది. తర్వాత నేను బోసినోటితో "అయ్యయ్యో, ఎక్కడ పడిందీ" అనడం కూడా వినిపించింది. స్విచ్ ఆపాలని అప్పుడెవరికి గుర్తుంటుంది?

జనం పడీపడీ నవ్వారు. కండక్టర్లయితే టిక్కెట్లు కొట్టడం మానేసి మరీ నవ్వారు.

మేనేజరు వచ్చి, "మేడం, కొన్నాళ్ళు రెస్టు తీసుకోండి. మాట సరయ్యాక చూద్దాం" అన్నాడు. సాయంత్రానికల్లా నా కుర్చీలో ఒక కంప్యూటర్ పెట్టారు. అందులోంచి ఒకావిడ "బస్సు. ఏడవ. ప్లాట్‌ఫారం. నుండి. బయలుదేరును" అంటోంది. మాటకీ మాటకీ మధ్య ఒక కునుకు తీస్తోంది. దానికి మిషనమ్మ అని పేరు పెట్టాను.

ఏ రాయి అయితేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అంటారు. నాకు రాయి కూడా దొరకలేదు, పళ్ళ డాక్టరు దొరికాడు.

ఫిబ్రవరి 5

పళ్ళాయన దగ్గరకి వెళ్ళాను. బోర్డు ఇంకా మార్చలేదు. 'దంత వైద్యసాల' అనే ఉంది. మొదటిసారి వెళ్ళినరోజే చెప్పాను. నా నోట్లో ఆయన పనిముట్లు ఉన్నప్పుడే చెప్పబోయాను గానీ "హాహ" అని మాత్రమే వచ్చింది. అవి తీశాక, "సాల కాదు బాబూ, శాల. శంఖంలో శ" అన్నాను. అప్పట్నుంచీ నన్ను టీచరుగారూ అని పిలుస్తున్నాడు. అందులో గౌరవమెంతో వెటకారమెంతో ఇంకా తేల్చుకోలేదు.

ఇవాళ పలువరుస తీసి, అరగదీసి, మళ్ళీ పెట్టాడు.

"కొత్త చెప్పులు కరవవా టీచరుగారూ? ఇవీ అంతే. రోజూ ఓ అరగంట ఏదైనా పైకి చదవండి, నాలుక దారిలో పడుతుంది."

"నా నాలుక ఎప్పుడూ దారిలోనే ఉంది. నీ పళ్ళే అడ్డం పడ్డాయి. నా డబ్బు నాకిచ్చెయ్యి."

"మరి పళ్ళు ఇచ్చేస్తారా?"

"ఇస్తాను."

"మీ నోటి కొలతకి చేసినవి నేనెవరికి పెట్టుకోనండీ?"

ఈ మాటకి ఆ గదిలో కూర్చున్న రోగులందరూ ఉన్న పళ్ళూ లేని పళ్ళూ బయటపెట్టి నవ్వారు. వీడి సంగతి చూడాల్సిందే.

ఫిబ్రవరి 7

చూశాను. కోర్టులో వేసేశాను.

చెల్లికి కోర్టు ఎదురుగా జెరాక్స్ కొట్టు ఉంది. అందరి కేసులూ కాపీలు తీసి తీసి సగం లాయరైపోయింది. మిగతా సగానికి దాని నోరు చాలు. "చిన్న దావాల కోర్టులో వెయ్యక్కా. లాయరక్కర్లేదు. మనమే రాసుకోవచ్చు, మనమే చెప్పుకోవచ్చు. లక్షలోపు ఏదైనా తీసుకుంటారు" అంది. పళ్ళకిచ్చిన ఎనిమిది వేలూ తిరిగి ఇప్పించమని రాశాం. ఒక్క అక్షరదోషం లేదు.

ఫిబ్రవరి 8

రోజూ అరగంట చదవమన్నాడు. చదవను. వాడు చెప్పింది నేనెందుకు చెయ్యాలి?

ఫిబ్రవరి 19

మేనేజరు దగ్గర్నుంచి కబురు లేదు. జీతమూ లేదు. నేను బస్టాండు వైపు వెళ్ళడం లేదు. ఇంటి మేడ మీదకెక్కితే మాత్రం గాలివాటున మిషనమ్మ వినిపిస్తుంది. బట్టలు ఆరేసే పని ఈమధ్య నేనే చేస్తున్నాను.

ఫిబ్రవరి 24

చెల్లి వచ్చింది. కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"ఎనిమిది వేలేంటక్కా, ముష్టి ఎనిమిది వేలు! ఆయన జేబులోంచి తీసి మొహాన కొడతాడు. అప్పుడంటే కొన్నాళ్ళు రెస్టన్నారు, ఇప్పుడు నీ ఉద్యోగమే పోయినట్టుంది కదా. అది కలుపు. పక్కన ఒక్క సున్నా పెట్టు, ఎనభై అవుతుంది."

"వేసేశాక పెంచనిస్తారా?"

"దానికో దరఖాస్తు ఉంది. కేసు పాతదే, మొత్తం కొత్తది. ఎందుకు పెంచుతున్నావో, కొత్తగా ఏం నష్టం వచ్చిందో రాయాలి. రుసుం కట్టాలి. అంతే."

తెల్లకాగితం తీసి తనే రాయబోయింది. 'మాట సరిగ్గా రావడం లేదు కాబట్టి' అని. నాకు ఒళ్ళు మండింది. ఎనభై వేలకి ఆ భాషా? పెన్ను లాక్కుని నేనే రాశాను. 'శాశ్వత శబ్దదోషం సంభవించినందున జీవనోపాధిని కోల్పోయాను.' శ, ష, స మూడూ వరసగా వచ్చి కూర్చున్నాయి. ఎంత బాగుందో! నాలుగుసార్లు చూసుకున్నాను.

"శాశ్వతమా? అంటే ఇంక నీకు ఎప్పటికీ సరవదనా?" అంది చెల్లి.

"మాట నిండుగా ఉంటుందని పెట్టానే."

"పెట్టు పెట్టు, మంచిదే. శాశ్వతానికి రేటెక్కువ."

మా ఆయన పేపరు చదువుకుంటూ అంతా విన్నాడు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి నడిపి ఎడమ చెవి పోయిందిగానీ, తనకి కావలసినవి కుడి చెవిలోకి వాటంతటవే వెళ్తాయి. "కట్టుడు పళ్ళకి కట్టుకథా?" అన్నాడు. 

ఫిబ్రవరి 25

దరఖాస్తు ఇచ్చాను. గుమస్తా ముద్ర కొట్టి, మార్చి 20న రమ్మన్నాడు. పళ్ళాయనకి కూడా ఒక కాపీ వెళ్తుందట. వెళ్ళనీ. చదివి నోరు వెళ్ళబెట్టనీ.

ఫిబ్రవరి 28

కొళాయి బాగా లేదు. అందుకే బాత్రూంలో ఎక్కువసేపు పట్టింది. ఇంకేం లేదు.

మార్చి 2

ఇవాళ కూడా కొళాయి.

బయటికొచ్చేసరికి ఆయన తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "బాత్రూంలో బస్సులు బాగానే బయలుదేరుతున్నాయే" అన్నాడు.

"ఏం బస్సులు?"

"ఏమో మరి. మూడో నంబరు ప్లాట్‌ఫారం అన్నావు. నేను స్నానానికొచ్చానో బండెక్కడానికొచ్చానో అర్థం కాలేదు."

గోడలు నున్నగా ఉండటంవల్ల అక్కడ మాట బాగా మోగుతుంది, అంతేగానీ నాకు సరయిందని కాదు. దరఖాస్తులో శాశ్వతం అని రాశాను. శాశ్వతమంటే శాశ్వతమే.

మార్చి 3

సూచన. సూచన. సూచన. సాయంత్రం. శనివారం. విశేషం.

పెన్ను పనిచేస్తోందో లేదో చూశాను.

మార్చి 8

మేనేజరు ఫోన్ చేశాడు. మిషనమ్మకి ఏదో పట్టుకుందట. మధ్యాహ్నం ఒకే బస్సుని బయలుదేరును, బయలుదేరును అంటూనే ఉందట. ఆ బస్సు వెళ్ళి, జనాన్ని దింపి, తిరిగి కూడా వచ్చేసిందిగానీ ఆవిడ మాత్రం ఇంకా పంపిస్తూనే ఉందట. నాకు ఎంత సంతోషం వేసిందో రాయడానికి సిగ్గుగా ఉంది.

"మీ మాట సరయిందా మేడం? సరైతే రేపే వచ్చెయ్యండి. జనం మిమ్మల్నే అడుగుతున్నారు" అన్నాడు.

జనం నన్నే అడుగుతున్నారు.

సరయిందండీ అని నోటిదాకా వచ్చింది. 'స' కూడా చక్కగా తయారై నాలుక కొసన కూర్చుంది. అప్పుడు ఆ దరఖాస్తు గుర్తొచ్చింది. "ఇంకా చరి కాలేదండీ" అన్నాను. కావాలని అన్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను కావాలని తప్పు పలకడం ఇదే మొదటిసారి.

ఆయన పాపం జాలిపడ్డాడు. "ఈ నెలాఖరుదాకా ఆపుతాను. ఆ తర్వాత కొత్త మనిషిని తీసుకోమంటున్నారు పైవాళ్ళు. నా చేతుల్లో ఉండదు" అన్నాడు.

ఫోన్ పెట్టేసి వంటింట్లో ఏడ్చాను. ఉల్లిపాయ కూడా లేదు సాకు చెప్పుకోవడానికి.

మార్చి 9

చెల్లిని అడిగాను, కేసు గెలిచాక ఉద్యోగంలోకి వెళ్ళొచ్చు కదా అని.

"నీకేమైనా పిచ్చా అక్కా? ఇంక ఎప్పటికీ మాట్లాడలేను అని సంతకం పెట్టి డబ్బు తీసుకుని, తెల్లారి మైకు ముందు కూర్చుంటావా? ఆ బస్టాండులో పళ్ళాయన బస్సెక్కడా? జడ్జిగారు ఎక్కరా? ఎనభై వేలు గోవిందా, పైగా దొంగ ప్రమాణం కింద నిన్ను లోపలేస్తారు. మైకు సంగతి మర్చిపో."

"మర్చిపోతే?"

"మర్చిపోతే ఏముంది, హాయిగా ఇంట్లో కూర్చో."

హాయిగా ఇంట్లో. ఆ రెండు మాటలూ దానికెలా కలిశాయో.

మార్చి 13

కూరగాయల కోసం వెళ్ళాను. బస్టాండు దారిలోనే ఉంటుంది, కాస్త చుట్టు అంతే.

మిషనమ్మ ఏడు అంటే జనం ఏడుకి పరిగెత్తారు. బస్సేమో తొమ్మిదిలో ఉంది. చంకలో పసిపిల్లనీ చేతిలో రెండు సంచుల్నీ పెట్టుకున్న ఒకావిడ నన్నే అడిగింది, ఎటు పోవాలమ్మా అని. "తొమ్మిదో ప్లాట్‌ఫారం తల్లీ. సమయం ఉంది, నిదానంగా వెళ్ళు" అన్నాను. తర్వాత చుట్టూ చూశాను. పళ్ళాయన లేడు. అబద్ధం చెప్పినా భయమే, చక్కగా మాట్లాడినా భయమే. ఇలా బతకాలా నేను?

ఎనభై వేలు ఏం చేసుకోవాలో ఒక పట్టీ రాద్దామని కూర్చున్నాను. ఏమీ తట్టలేదు. కొళాయి బాగు చేయించాలి అని రాశాను. ఆ కొళాయికి ఏ రోగమూ లేదని నాకూ తెలుసు.

మార్చి 18

ఎల్లుండే కోర్టు. అద్దం ముందు తప్పుగా మాట్లాడటం సాధన చేశాను. నమచ్కారం. చత్యమే చెబుతాను. ఛీ! ఆయన గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు.

"ఎందుకే ఈ తిప్పలు? ఇన్నేళ్ళు సరిగ్గా పలకడానికి పంటి బిగువున పడ్డ కష్టం రెండు రోజుల్లో పోతుందా?"

"నువ్వేం చెప్పకు. నాకు న్యాయం కావాలి."

"నీకు కావలసింది న్యాయం కాదు, మైకు. నేను బండి స్టార్ట్ చేసి కూడా నువ్వు చెప్పేదాకా గేరు వేసేవాణ్ణి కాదు, తెలుసా నీకు?"

తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఈ మొగుళ్ళు ఎప్పుడు ఏం చెప్పాలో కూడా మనమే మైకులో చెప్పాలి కాబోలు.

అయినా వెనక్కి తగ్గను. వాడు రోగులందరి ముందూ నన్ను నవ్వులపాలు చేశాడు.

మార్చి 20

 ఇవాళ్టి సంగతి ఇవాళే రాయాలి.

కోర్టంటే పెద్ద హాలు ఊహించుకున్నాను. బడిలో క్లాసుగదంత ఉంది. ఒక ఫ్యాను తిరుగుతోంది, ఇంకోటి ఊరికే వేలాడుతోంది. జడ్జిగారు నడివయసు ఆడమనిషి, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారాయి. చెల్లి వెనక బెంచీలో. ఆయన దాని పక్కన, కుడి చెవి మా వైపు పెట్టుకుని. పళ్ళాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, పెళ్ళిచూపులకి వచ్చినట్టు.

"మీరేనా అమ్మా ఫిర్యాదుదారు?"

"అవునండీ. నమచ్కారం" అన్నాను. జడ్జిగారి మొహంలో జాలి కనిపించింది. వెనకనుంచి చెల్లి సంతోషంగా దగ్గింది.

"మొదట ఎనిమిది వేలు అడిగారు. ఇప్పుడు ఎనభై అంటున్నారు. ఎందుకు పెంచారు?"

"అంతా అందులో రాచానండీ" అన్నాను. తక్కువ మాట్లాడితే తక్కువ ప్రమాదం.

జడ్జిగారు పళ్ళాయన వైపు తిరిగారు. "మీరేమంటారు డాక్టరుగారూ?"

పళ్ళాయన లేచి నిలబడ్డాడు. "మొదట్లో పలువరుస కాస్త వదులుగా ఉన్నమాట నిజమేనండీ. ఆ ఎనిమిది వేలు ఇచ్చేస్తాను, పేచీ లేదు. తర్వాత పెంచినదానికే నా అభ్యంతరం. ఆవిడ రాసిన వాక్యం చదవమంటారా?"

చదవమన్నారు. కాగితం తీశాడు. గొంతు సవరించుకున్నాడు.

"సాస్వత సబ్దదోసం సంబవించినందున..."

ఒళ్ళు జలదరించింది. కళ్ళు మూసుకున్నాను. పోనీలే, పలకడం రాదు పాపం అనుకున్నాను. ఎనభై వేలు, ఎనభై వేలు అనుకున్నాను.

"క్షమించండి, సరిగా కనబడలేదు" అని మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకున్నాడు. "సాస్వతా... సబద... దోసం..."

నేను రాసిన వాక్యం! ఏరి ఏరి పేర్చుకున్న వాక్యం! కళ్ళముందే దాన్ని ముక్కలు ముక్కలుగా నరుకుతున్నాడు. నా చేతులు బల్లని పట్టుకున్నాయి. నా నోరు మాత్రం నన్నడగలేదు.

"శాశ్వత!" అన్నాను. "శాశ్వత శబ్దదోషం! మొదటి రెండు మాటల్లోనూ శంఖంలో శ. నాలుక అంగిలి దగ్గరుండాలి. దోసం కాదు, దోషం. ష! దానికి నాలుక కాస్త పైకి మడవాలి. సంబవించడమేంటి, భ, భ! సంభవించినందున! తెలుగు అనుకుంటున్నావా, నమిలి ఉమ్మేసే చెరుకుపిప్పి అనుకుంటున్నావా?"

పళ్ళాయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. 

జడ్జిగారు పెన్ను కింద పెట్టారు. "అమ్మా, ఏదీ, ఇంకోసారి చెప్పండి" అన్నారు.

బుద్ధున్నదైతే అక్కడ మూర్ఛ వచ్చినట్టు నటించేది. నేను చెప్పాను. నిలబడి, భుజాలు నిటారుగా పెట్టి, మైకులో చెప్పినట్టు నిదానంగా చెప్పాను. "శాశ్వత శబ్దదోషం సంభవించినందున జీవనోపాధిని కోల్పోయాను." గుక్క తిప్పుకోలేదు. ఎంత బాగా వచ్చిందంటే, చివర్లో 'ధన్యవాదాలు' కూడా చేర్చాను, అలవాటుకొద్దీ.

వెనకాల చెల్లి తల కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

"మీకు శాశ్వత శబ్దదోషం ఉందని మీరే ఇంత స్పష్టంగా చెబితే, నేనేం చెయ్యనమ్మా?" అన్నారు జడ్జిగారు. నవ్వు ఆపుకోవడానికి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఎనిమిది వేలు ఇవ్వమన్నారు. పెంచినదంతా కొట్టేశారు. పెంచడానికి కట్టిన రుసుం నా ఖాతాలోనే నష్టం. ఇంకోసారి కోర్టుకి రాసి ఇచ్చేటప్పుడు అందం కన్నా నిజం చూసుకోమని గట్టిగానే చెప్పారు. తల దించుకున్నాను. న్యాయమైన మాటే.

వరండాలో పళ్ళాయన ఎదురొచ్చాడు. చేతులు జోడించాడు.

"శుభం టీచరుగారూ. శ్రద్ధగా రోజూ అరగంట చదివినట్టున్నారు. విశేషమైన స్పష్టత. శభాష్!"

ఒక్క శ తప్పలేదు. ష కూడా నిక్షేపంలా మడతపడింది.

అప్పుడు అర్థమైంది. బోర్డు తప్పేగానీ నోరు తప్పు కాదు. వాడు పలకడం రాక అలా చదవలేదు. నేను ఎక్కడ ఆగలేనో తెలిసే చదివాడు. నా నోట్లో వేలు పెట్టి కొలిచిన మనిషికి నా నోటి సంగతి తెలియకేం? కొట్టాలనిపించింది. అంతలోనే నవ్వొచ్చింది. ముందు ఏది వచ్చిందో చెప్పలేను.

ఆటోలో చెల్లి పోయిన రుసుం వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. ఆయన మాత్రం దారంతా, ఎవరితోనూ కాకుండా, "భ, భ" అనుకుంటూ కూర్చున్నాడు.

మార్చి 22

మేనేజరు దగ్గరకి వెళ్ళాను. వెళ్ళేముందు రెండుసార్లు చీర మార్చాను. ఫోన్‌లో చేసిన నాటకం ముందే చెప్పేశాను. 

"ఇప్పుడు నిజంగా సరయిందంటే ఎలా నమ్మాలి మేడం? పైవాళ్ళు ఏదో ఒక సర్టిఫికెట్ అడుగుతారు" అన్నాడు.

సర్టిఫికెట్ ఎవరిస్తారు? పళ్ళాయన్ని అడగడానికి నాకు మొహం లేదు.

మార్చి 26

కోర్టు తీర్పు కాగితం చేతికొచ్చింది. చెల్లి ముభావంగా తెచ్చి బల్లమీద పడేసింది. మూడో పేరాలో ఇలా ఉంది: 'ఫిర్యాదుదారు ఉచ్ఛారణ నిర్దుష్టంగా ఉన్నట్లు న్యాయస్థానం స్వయంగా గమనించింది.'

లేచి నిలబడ్డాను. ఈ ప్రపంచంలో ఎంతమందికి ఇలాంటి కాగితం ఉంటుంది? ఓడిపోతే వచ్చింది, అయితేనేం!

తర్వాత ఇంకోసారి చదివాను.

"చెల్లీ, ఇది చూడు. ఉచ్ఛారణ అని కొట్టారు. చ కింద ఛ వత్తు పెట్టారు. ఉచ్చారణ కదా? సవరణ కోసం ఒక దరఖాస్తు..."

"అక్కా!" అంది చెల్లి. అదివరకెప్పుడూ నాతో అంత గట్టిగా మాట్లాడలేదు. "ఇంకొక్క దరఖాస్తు పెట్టావంటే మన రక్తసంబంధం మీద ప్రమాణం, నీకు జెరాక్స్ కూడా తియ్యను."

కోర్టు కాగితం మీద పెన్ను పెడితే నేరమట. సరేనని అసలుది బీరువాలో పెట్టాను. దాని జెరాక్సు మీద వత్తు దిద్దుకున్నాను. మేనేజరుకి మాత్రం అసలుదే తీసుకెళ్ళి చూపిస్తాను.

మార్చి 29

మిషనమ్మని బల్ల కిందకి దించారు. నా కుర్చీ నాకిచ్చారు. దిద్దిన జెరాక్సు గాజు తలుపుకి అంటించాను. కండక్టర్లు వచ్చి చదివి వెళ్తున్నారు. వాళ్ళలో ఒకడు, "పళ్ళు గట్టిగా ఉన్నాయా అత్తా?" అన్నాడు. "నీ ఉద్యోగం కన్నా గట్టిగా ఉన్నాయి" అన్నాను.

స్విచ్ మీద వేలు పెట్టాక భయం వేసింది. నిజంగా వేసింది. మళ్ళీ ఊడితే? మళ్ళీ నవ్వితే? ఇంక మొహం చూపించలేను. గాజులోంచి చూస్తే మూడో నంబరు స్పీకరు కింద ఆయన నిలబడి ఉన్నాడు, కుడి చెవి పైకెత్తి. కాస్త పక్కన పళ్ళాయన కూడా ఉన్నాడు, సంచి భుజాన వేసుకుని, ఎటో వెళ్ళే బస్సు కోసం.

"ప్రయాణికులకు సూచన" అన్నాను.

ఎవ్వరూ నవ్వలేదు. ఎవ్వరూ తలెత్తి కూడా చూడలేదు. సంచులు సర్దుకుని, పిల్లల్ని ఎత్తుకుని, ఎవరి బస్సు వైపు వాళ్ళు నడిచారు. ఇరవై ఆరేళ్ళుగా వీళ్ళు నన్ను వింటున్నది ఇలాగే. నాకు కావలసిందీ ఇదేనని ఇవాళ తెలిసింది.

రాత్రి అన్నాల దగ్గర ఆయన, "బాత్రూంలోకన్నా బాగా బయలుదేరాయి" అన్నాడు.

రేపట్నుంచి బాత్రూంలో స్నానం మాత్రమే చేస్తాను.